నేల పొడిగానే ఉంది

బూరుగువాగు,
ములకలపల్లి మీదుగా.
3 జూలై 2005

అత్తయ్యా,

చేరాను. నాన్న ములకలపల్లి దాకా వచ్చి జీపెక్కించి, "నెల తిరక్కుండా ఏన్కూరు వచ్చేస్తావులే" అన్నాడు. బి.ఎస్సీ. చదివి మూడేళ్లు వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసినదాన్ని. ఎనభైమంది ఆడపిల్లల హాస్టలుకి కాంట్రాక్టు మేట్రన్ అంటే నాకు పట్టాభిషేకమే. నువ్వు ముప్పయ్యేళ్లు హాస్టళ్లలో వార్డెనుగా చేశావు కదా, ఏయే ఊళ్లలో అని ఎప్పుడడిగినా "భద్రాచలం వైపు" అని ఊరుకుంటావు. ఇప్పుడు నేనూ ఆ వైపే.

ఫోన్ చెయ్యమన్నావు. ఎస్టీడీ బూత్ ములకలపల్లి సెంటర్లో ఉంది. వెళ్లిరావడానికి పూట పడుతుంది. పైగా నీకు వినబడదు, నేను అరవలేను. ఉత్తరాలే మేలు.

ఇక్కడ వచ్చినవాళ్లకి చూపించే వస్తువు ఒకటే, కొత్త బాత్రూము. నడవలేని పిల్లలు కూడా వాడుకోవాలని ప్రత్యేకంగా డబ్బులొస్తే వేసవి సెలవుల్లో కట్టారట. ఇంకా ప్రారంభోత్సవం కాలేదు. మెట్ల బదులు ఏటవాలు దారి, గోడకి స్టీలు పైపు, నేలంతా తెల్లటి పలకలు. హెడ్మాస్టరు వెంకటప్పయ్య గారు నన్ను గర్భగుడిలోకి తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి, "మొహం చూసుకోవచ్చమ్మా" అన్నారు. నిజంగానే చూసుకోవచ్చు. అవి గోడలకి వేసే పలకలు అత్తయ్యా! నీళ్లు పడితే సబ్బుబిళ్ల మీద నిలబడ్డట్టే. నేల వాలు తూము వైపు కాకుండా తలుపు వైపుకి ఉంది. స్టీలు పైపు నా భుజం ఎత్తున బిగించారు. అది ఎవరికోసం పెట్టారో ఆ పిల్లకి అందదు.

ఆ పిల్ల పేరు పూలి. ఆరో తరగతి. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. వాళ్ల నాన్న చెక్కిచ్చిన కర్ర పట్టుకుని తిరుగుతుంది. మొదటివారం నేను గమనించింది ఏమిటంటే, అందరూ అన్నం తిని చెంబులతో నీళ్లు తాగుతారు. పూలి మాత్రం నోరు తడుపుకుని గ్లాసు పెట్టేస్తుంది. ఎందుకే అంటే నవ్వుతుంది. వంట చేసే జంపక్క చెప్పింది: "తాగితే పోవాలె గద మేడం. గా తెల్లబండ మీదికి పోతే పడతది. గందుకే తాగది."

మిగతావాళ్లు వాగు గట్టుకి వెళతారు. పూలి అంతదూరం నడవలేదు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎండిపోయి కూర్చుంటుంది. పెదవులు పగిలి ఉంటాయి. ఇట్లయితే పిల్లని గూడెం తీసుకుపోతానంటున్నాడు వాళ్ల నాన్న బొజ్జయ్య. ఈ బళ్లో లెక్కలు అంత బాగా చేసే పిల్ల ఇంకొకర్తె లేదు.

నేల పొడిగా ఉంచడం ఎలాగో చెప్పు. నీకు తెలియంది ఉండదు.

రాజీ


ఖమ్మం
12 జూలై 2005

చిరంజీవి రాజీకి,

నీ ఉత్తరం నిన్న అందింది. నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. చేతికర్ర లేకుండా పెరట్లోకి కూడా వెళ్లలేను. ఆ పిల్ల నీళ్లెందుకు తాగదో నువ్వు చెప్పక్కర్లేదు. పెళ్లిళ్లకి పిలిస్తే నేనూ ముందురోజు రాత్రి నుంచే తాగడం మానేస్తాను.

మనవాళ్లకి ఒక పిచ్చి ఉంది. నీళ్లు పారితేనే శుభ్రం అనుకుంటాం. నాలుగు బిందెలు కుమ్మరించి, కాళ్లు తడుపుకుంటూ బయటికొచ్చి, కడిగేశాం అంటాం. తుడిచేవాళ్లు ఉండరు. కాబట్టి కడిగినవాళ్లే తుడవాలని పెట్టు. గోనెపట్టా ముక్కలు నాలుగు తలుపు పక్కన మేకుకి తగిలించు. ఆదివారం తలంట్లు లోపల వద్దే వద్దు, బయట రాతిబండ మీద పోయించు. కుంకుడు పులుసు ఆ పలకల మీద పడిందంటే పాము కుబుసం కంటే జారుడు. పూలి చెయ్యి అందేంత ఎత్తులో ముళ్లు వేసిన తాడు కట్టించు.

ఇవన్నీ వారం అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఒకటి మాత్రం ఈ ఉత్తరం చదివిన రోజే చేయించు. తలుపు లోపలికి తెరుచుకుంటోందా, బయటికా? లోపలికైతే బందులు విప్పించి బయటికి తెరుచుకునేట్టు మార్పించు. లోపలి గడియ పీకించు. పిల్ల పడితే తలుపుకి అడ్డంగానే పడుతుంది. బయటినుంచి ఎంత నెడితే అంత నలుగుతుంది. మూలనున్న నీళ్ల గోలెం అంచుకి గోనె చుట్టించడం మరిచిపోకు.

ఇంకేం రాయను. చేయించి రాయి.

రాఘవమ్మ


బూరుగువాగు
31 జూలై 2005

అత్తయ్యా,

చేయించాను. అన్నీ. నువ్వు చెప్పనిది కూడా ఒకటి.

అది జంపక్క బుర్ర. నేను గోనెపట్టాలు నరుకుతుంటే చూసి నవ్వింది. "ఎన్నిసార్లు తుడుస్తవ్ మేడం, ఎనభై మంది! మా గూడెంల బండ మీద తానం జెయ్యం. వెదురు తడక మీద జేస్తం. నీళ్లు కిందికి పోతయి, కాళ్లు పైన ఉంటయి." ఇంత సులువైన సంగతి ఆ పలకలేయించిన ఇంజనీరుకి తట్టలేదు, బి.ఎస్సీ. నాకూ తట్టలేదు.

పూలిని తీసుకుపోదామని వచ్చిన బొజ్జయ్య మూడు రోజులుండి తడకలు చేశాడు. వెదురు చీల్చి, వేలెడు సందు వదిలి, తీగతో కట్టాడు. వెదురు వీపు నున్నగా ఉంటుంది కాబట్టి అది కిందికీ, గరుకుగా ఉండే పొట్ట పైకీ. రెండు జతలు. ఒకటి లోపల ఉంటే ఇంకొకటి ఎండలో. పాకుడు పట్టనే పట్టదు. ఏటవాలు దారి మీద ఉలితో అడ్డంగా గాట్లు కొట్టాడు. తలుపు కూడా ఆయనే తిప్పి బిగించాడు. మొన్న పూలి గ్లాసు ఎత్తి గుటగుటా తాగి, ఇంకోటి తాగి, నాకేసి చూసింది. అత్తయ్యా, నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా అంత సంతోషపళ్లేదు.

వెంకటప్పయ్య గారు తడక చూసి, "అడవిలోంచి చదువుకోను వచ్చిన పిల్లలకి మళ్లీ అడవే పరిచావేంటమ్మా!" అన్నారు. తీయమని మాత్రం అనలేదు.

రెండు సంగతులు. తలుపు తిప్పుతున్నప్పుడు జంపక్క వచ్చి నిలబడింది. "ఇది నీకెవరు జెప్పిండ్రు?" అంది. మా మేనత్త అన్నాను. "పేరేంది?" రాఘవమ్మ అన్నాను. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "మంచిది, తిప్పుమను" అని వెళ్లిపోయింది.

రెండోది. నీ ఉత్తరం మళ్లీ చదివాను. మూలన గోలెం ఉంది, నిజమే. పాత బాత్రూము కూల్చి అక్కడే కొత్తది కట్టారట, గోలెం పగలక దానిచుట్టూ పలకలు అతికించారు. కానీ అది మూలన ఉందని నేను నీకు రాశానా? రాసినట్టు లేదే?

రాజీ


ఖమ్మం
9 ఆగస్టు 2005

చిరంజీవి రాజీకి,

తడకల సంగతి చదివి సంతోషించాను. బొజ్జయ్యకి నా దండాలు చెప్పు.

ఏ హాస్టల్లోనైనా గోలెం మూలనే ఉంటుంది. దానికేముంది.

పెద్దవాళ్లెవరైనా చూడ్డానికి వస్తున్నారంటే మాత్రం జాగ్రత్త. ఆ రోజుల్లో నువ్వు ఎవరి మాటా వినకు. ఎవర్నీ ఏదీ కడగనివ్వకు, ఏదీ మెరవనివ్వకు.

జంపక్కని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

రాఘవమ్మ


బూరుగువాగు
5 సెప్టెంబరు 2005

అత్తయ్యా,

నీ ఉత్తరం బిగబట్టుకుని రాసినట్టుంది. నీకు జంపక్క ఎలా తెలుసని అడిగితే ఆమె చెప్పదు, నువ్వూ చెప్పవు. "అప్పుడు గూడ గిట్లనే కడిగిండ్రు" అని ఒకమాట అని, గంజి వార్చడానికి వెళ్లిపోయింది. ఎప్పుడు, ఎవరు? ఇద్దరూ కలిసి నన్ను చిన్నపిల్లని చేస్తున్నారు.

ఇక్కడ వార్త ఏమిటంటే బాత్రూముకి ప్రారంభోత్సవం. పన్నెండో తారీఖు సోమవారం, పది గంటలకి జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు వస్తారు, ఫోటోలు తీస్తారు. వెంకటప్పయ్య గారికి నిద్రాహారాల్లేవు. నన్ను పిలిచి, "ఆ తడకలూ తాళ్లూ గోనెలూ ఆదివారం సాయంత్రానికి తీసెయ్యమ్మా. ప్రభుత్వం ఇంత ఖర్చుపెట్టి కట్టిస్తే, వాళ్లొచ్చేసరికి కోళ్లగూడులా ఉంటే ఏం బాగుంటుంది?" అన్నారు.

నేను ఎదురు చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన కోప్పడలేదు అత్తయ్యా, అదే వచ్చిన చిక్కు. "నాకు రెండేళ్ల సర్వీసుంది తల్లీ. ఒక్క పూట. పెద్దసారి జీపు వాగు దాటగానే మళ్లీ నువ్వే పరుచుకో, నేనే నీకు సాయం పడతా" అన్నారు. తీయనంటే నా కాంట్రాక్టు అక్టోబరులో మళ్లీ రాయరు. నేను పోతే ఆ తడకలు మరునాడే పొయ్యిలోకి. ఇదంతా ఆలోచించాను.

ఒక్క పూట. పూలికి ముందే చెబుతాను. ఆ పూట నేనే చెయ్యిపట్టి తీసుకెళతాను.

వర్షాలు ఆగట్లేదు. వాగు ఎర్రగా పారుతోంది. జీపులు ఆగిపోతే ప్రారంభోత్సవమే ఆగిపోతుందని పిల్లలు బెట్లు కడుతున్నారు.

రాజీ


ఖమ్మం
12 సెప్టెంబరు 2005

రాజీ,

నీ ఉత్తరం ఇవాళ, పన్నెండో తారీఖు, మధ్యాహ్నం రెండు గంటలకి నా చేతికి వచ్చింది.

తీయకు. ఉద్యోగం పోతే పోనీ. ఏ తడకా తీయకు, ఏ తాడూ విప్పకు.

పన్నెండు అయిపోయిందని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. ఏమీ జరగలేదని ఒక్క కార్డు ముక్క రాయి.

రాఘవమ్మ


బూరుగువాగు
13 సెప్టెంబరు 2005

అత్తయ్యా,

పూలి పడిపోయింది.

ప్రాణానికి భయం లేదన్నారు. తల వెనక గోలెం అంచు తగిలి ఆరు కుట్లు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కర్ర పట్టుకునే చెయ్యి. నిన్న సాయంత్రం వాగు తగ్గాక బొజ్జయ్య ఖమ్మం పెద్ద దవాఖానాకి తీసుకెళ్లాడు. అక్కడ వాళ్లకి ఎవరూ తెలియదు. నువ్వు వెళ్లగలవా? రిక్షాలో వెళ్లు, డబ్బులు నేను పంపిస్తాను.

ఫోటోల్లో జుట్లు బాగుండాలని హెడ్మాస్టరు సోమవారం పొద్దున్నే పిల్లలందరికీ తలంట్లు పోయించారు. వాన కాబట్టి బయట బండ మీద కుదరదని లోపలే. ఎనభై తలల కుంకుడు పులుసు. తర్వాత కడిగారు. మెరిసేలా కడిగారు. ఎవరూ తుడవలేదు. తడకలు ముందురోజే హెడ్మాస్టరు తీయించేశారు.

నేను గేటు దగ్గర దండలు సర్దుతున్నాను. పూలి పిలిచిందట, నాకు వినబడలేదు.

తలుపు బయటికి లాగగానే వచ్చింది. పిల్ల ఆ తలుపు వెనకే అడ్డంగా ఉంది. లోపలికి తెరుచుకునేదైతే ఏమయ్యేదో ఆలోచించలేకపోతున్నాను. నీకు ముందే ఎలా తెలుసు అత్తయ్యా?

పెద్దసారు రాలేదు. వాగు పొంగి ములకలపల్లి నుంచే వెనక్కి వెళ్లిపోయారు.

రాజీ


ఖమ్మం
19 సెప్టెంబరు 2005

చిరంజీవి రాజీకి,

మూడు రోజులుగా వెళుతున్నాను. పిల్ల కులాసాగానే ఉంది. పక్కమంచం వాళ్ల పిల్లాడికి ఎక్కాలు చెబుతోంది. నా చేతికర్ర చూసి, "నీకెవరు చెక్కిండ్రు అమ్మమ్మా?" అంది. కొన్నానంటే జాలిపడింది.

దవాఖానా బాత్రూముకి నన్నూ తీసుకెళ్లమంది. ఇద్దరం కలిసి వెళ్లాం. ఒకరి కర్ర జారితే ఇంకొకరు పట్టుకోవాలని ఒప్పందం. అక్కడ కూడా చీలమండ దాకా నీళ్లే. ఇద్దరం గుమ్మం దగ్గర్నుంచే వెనక్కొచ్చాం. నర్సమ్మ బెడ్‌పాన్ ఇచ్చింది. బొజ్జయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంకొక సంగతి. తడకలు తీసిందెవరని నేను అడగలేదు. పూలే చెప్పింది. "మేడమే తీసింది. రేపు పొద్దుమీకి మళ్ల ఏస్త అని నా నెత్తి మీద ఒట్టేసి తీసింది. ఆమెను ఏమనకు అమ్మమ్మా, ఏడుస్తది."

నిన్ను నేనేమీ అనను. అనే నోరు నాకు లేదు.

రాఘవమ్మ


బూరుగువాగు
27 సెప్టెంబరు 2005

అత్తయ్యకి,

అవును. నేనే తీశాను. తాడు ముళ్లు విప్పింది నేనే, తడకలు మోసింది నేనే. హెడ్మాస్టరు తీయించారని రాసేటప్పుడు, అది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ అబద్ధమైంది.

ఇప్పుడు నీ వంతు.

నిన్న వెంకటప్పయ్య గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. ప్రమాదాల రిజిస్టర్లో నేను సంతకం పెట్టాలట. ఏం రాయాలో తెలియక తటపటాయిస్తుంటే, "కొత్తేం కాదమ్మా. ఇదివరకు ఎలా రాశారో చూసి రాసెయ్" అని బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి, పేజీ తెరిచి పెట్టారు. చెదలు అంచులు తినేసింది. అక్షరాలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"17.8.1981. దుర్గ, ఏడవ తరగతి. స్నానాల గదిలో పడి మరణించినది. నేల పొడిగానే ఉంది. విద్యార్థిని అజాగ్రత్త తప్ప వేరు కారణము లేదు."

కింద సంతకం చూడక ముందే తెలిసింది. గుండ్రటి 'ర', తోక పొడుగ్గా లాగే 'మ'. నా చిన్నప్పుడు పలకమీద నాకు దిద్దించిన అక్షరాలు.

నువ్వు ఇక్కడ పనిచేశావు. ఇదే హాస్టలు, ఇదే గోలెం. ఇరవై నాలుగేళ్లు "భద్రాచలం వైపు" అన్నావు.

నేల పొడిగానే ఉందా అత్తయ్యా?

సంతకానికి పదో తారీఖు దాకా గడువిచ్చారు. పెడితే కాంట్రాక్టు మళ్లీ రాస్తారు.

రాజ్యశ్రీ


ఖమ్మం
4 అక్టోబరు 2005

రాజీ,

తడిగా ఉంది.

అప్పుడు నాపరాళ్లు. మంత్రిగారు వస్తున్నారని రాళ్లు తళతళలాడాలన్నాను. కుంకుడు రసం పోసి రుద్దించింది నేనే. ఆఖర్న మంచినీళ్లు కుమ్మరించి, తలుపు దగ్గరకి వేసి, ఎవరూ తొక్కకుండా మంత్రిగారు వచ్చేదాకా ఇలాగే ఉండాలని చెప్పి వెళ్లాను. దుర్గకి ఆ మాట తెలియదు. జ్వరంతో పడుకుని ఉంది. లేచి వెళ్లింది.

పడిన చప్పుడు విన్నది పదేళ్ల పిల్ల. వచ్చి నా కొంగు పట్టుకు లాగింది. ఇద్దరం తలుపు నెట్టాం. రెండంగుళాలు తెరుచుకుని ఆగింది. లోపల పిల్ల అడ్డం. ఇంకా నెడితే మెడ విరుగుతుందేమోనని ఆగాం. ఆగితే రక్తం పోతోంది. బందులు ఊడగొట్టి తలుపు తీసేసరికి అరగంట. ఆ అరగంటా సందులోంచి దుర్గ వేళ్లు కనబడుతూనే ఉన్నాయి. మొదట్లో కదిలాయి.

ఆ పదేళ్ల పిల్ల జంపక్క. మరుసటేడు బడి మానేసింది. మళ్లీ అక్కడికే వంటకి వచ్చిందని నీ మొదటి ఉత్తరం చదివాకే తెలిసింది. ఆమె పేరు చూశాక ఆ ఉత్తరాన్ని ఒకరోజు పక్కన పెట్టేశాను.

ఎలా రాయాలో నాకూ ఒకాయన చెప్పాడు. కానీ చెయ్యి నాది. ఆ ఒక్క వాక్యంతో నా ఉద్యోగం నిలిచింది, పెన్షను వచ్చింది, నీ చదువూ అందులోంచే. నీకు తలుపు గురించి చెప్పాను, గోలెం గురించి చెప్పాను. దుర్గ గురించి చెప్పి ఉంటే నువ్వు తడకలు తీసేదానివి కాదు. అది నాకు తెలుసు. సగం చెప్పాను కాబట్టి సగమే ఆగింది.

సంతకం పెట్టమనీ అనను, వద్దనీ అనను. నేను రాసినట్టు మాత్రం రాయకు.

రాఘవమ్మ


ఏన్కూరు
15 అక్టోబరు 2005

అత్తయ్యా,

ఊరు మారింది చూశావుగా. నాన్న లెక్క నెల అయితే నేను మూడున్నర నెలలు నిలబడ్డాను.

రిజిస్టర్లో ఇలా రాశాను. "నేల తడిగా ఉంది. తలంటు తర్వాత తుడవలేదు. జారకుండా పరచిన తడకలు, పట్టుకునే తాడు ముందురోజు తీసివేయబడినవి. తీసినది నేను. తీయమన్నది హెడ్మాస్టరు గారు. పలకలు గోడలకు వాడేవి. విద్యార్థిని తప్పు లేదు." సంతకం, తేదీ. వెంకటప్పయ్య గారు రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీ ఉద్యోగం నువ్వే పీకేసుకున్నావు, నాదీ గుంజావు" అన్నారు. కోపంగా కాదు. భయపడిన మనిషిలా.

ఆ పేజీ పైకి పంపితే ఎంక్వైరీ వేశారు. నన్ను పొమ్మన్నారు. నేను సామాను కట్టుకుంటుండగానే ఆయన చేత్తో తాళంకప్ప పట్టుకుని బాత్రూము వైపు వెళ్లారు. ఎంక్వైరీ అయ్యేదాకా ఎవరూ తాకకూడదట.

జంపక్క జీపు దాకా వచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. నా సంచీ జీపులోకి ఎక్కించింది. తర్వాత, "అరగంట గాదు మేడం, మస్తుసేపు" అంది. "ఆమెకు అరగంటె అనిపించిందేమో. నాకైతె గా తలుపు ఇంక నెడుతున్నట్టె ఉంటది."

మళ్లీ మిరపకాయల సీజను వస్తోంది. కూర్చోలేకపోతున్నాను.

రాజీ


ఏన్కూరు
14 నవంబరు 2005

అత్తయ్యా,

ఇది పూలి నుంచి వచ్చింది. అది రాసినట్టే ఎత్తి రాస్తున్నాను. అసలుది నా దగ్గరే ఉంచుకుంటాను.

"మేడంకు నమస్తే. నేను మంచిగ ఉన్న. కట్టు ఇప్పిండ్రు. వేళ్లు గట్టిగ పట్టవస్తలేవు గని కర్ర ఎడమచేతికి మార్చిన. బడికి మల్ల వచ్చిన. బాత్రూంకు తాళం ఏసిండ్రు. చెవి సారు బీరువాల ఉన్నది. జంపక్క అడిగితె, ఎంక్వైరీవాళ్లు వచ్చినంక ఇస్త అన్నడు. వాళ్లు ఎప్పుడొస్తరో ఎవరికి ఎరుకలేదు. నేను కిటికీల నుంచి చూసిన. లోపల మస్తు పొడిగ ఉన్నది. తెల్లగ మెరుస్తున్నది. తడకలు పొయ్యిల పెట్టిండ్రు. ఓ దినం అందరితోటి వాగు కాడికి పోయిన. దిగేటప్పుడు రాళ్లు జారినయి, జంపక్క పట్టుకున్నది. ఇగ పోవద్దన్నది. నాయిన ఈ నెల చూసి తీస్కపోత అంటున్నడు. లెక్కలల్ల నాకే ఫస్టు. నీళ్లు తాగుడు మల్ల బంజేసిన. నా గురించి రందివడకు. పూలి."

నేను ఎంత నిజం రాశానో అని పొంగిపోయాను అత్తయ్యా. ఆ నిజానికి తాళం వేసి, పిల్లని మళ్లీ మొదటిచోటికే తెచ్చారు. ఆ నేలమీద ఇప్పుడు ఎవరూ జారిపడరు. ఎవరు తనిఖీకి వచ్చినా పొడిగానే ఉందని రాసుకోవచ్చు.

ఖమ్మంలో ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. ఫైలు కదులుతోందన్నారు. నెల ఇంకా పదహారు రోజులే ఉంది. ఏం చెయ్యాలో తోచడం లేదు.

రాజీ


ఖమ్మం
18 నవంబరు 2005

చిరంజీవి రాజీకి,

వచ్చే శుక్రవారం, ఇరవై ఐదున, పొద్దున మొదటి బస్సుకి వస్తున్నాను. ఏన్కూరు స్టాండులో నువ్వెక్కు. నాన్నకి చెప్పకు, మోకాళ్ల పేరు చెప్పి ఆపుతాడు.

రెండు పనులున్నాయి. మొదటిది ఆ పాత రిజిస్టరు. నా వాక్యం కింద ఇంకో వాక్యం రాస్తాను. ఇరవై నాలుగేళ్లకి రాసినా రాసినట్టే. దుర్గ వాళ్లవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్లకి చదివి వినిపిస్తాను. జంపక్కకి తెలిసే ఉంటుంది. ఆమె నా మొహం చూడనంటే గుమ్మం బయటే కూర్చుంటాను.

రెండోది తాళం.

ఫైలు కదిలేదాకా ఆ పిల్ల ఆగలేదు. నేనూ ఆగలేను, నా వయసు అరవై ఎనిమిది. మొన్న రాత్రి నీ ఉత్తరం చదివి ఒక ఉపాయం ఆలోచించాను. నవ్వకు. బస్సెక్కే ముందు ఇంట్లో మూడు గ్లాసులు తాగుతాను. కొత్తగూడెంలో ఒక సీసా. ములకలపల్లిలో రెండు టీలు. దారిలో ఎక్కడా దిగను, నువ్వు దిగమన్నా దిగను. జీపు కుదుపులకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. భయంగానే ఉంది. అలాగే వెళ్లి, చేతికర్రతో ఆ ఏటవాలు దారి ఎక్కి, తలుపు ముందు నిలబడి వెంకటప్పయ్యని పిలుస్తాను. ఈ హాస్టలు పాత వార్డెన్ని, బాత్రూముకి వెళ్లాలి, తాళం తియ్యండి అంటాను. నాకు ఎంక్వైరీ చెబుతాడో, వాగు చూపిస్తాడో చూస్తాను. తీసేదాకా అక్కడే నిలబడతాను. పిల్లలంతా చూస్తుండగా ఏమైనా కానీ. ఆ వయసులో దుర్గ ప్రాణమే పోయింది, ఈ వయసులో నా సిగ్గు పోతే ఏం?

బొజ్జయ్యకి కబురుపెట్టు, వెదురు నరికి ఉంచమను. గోనెపట్టాలు నేను తెస్తున్నాను. తాడు కూడా.

పూలిని ఆ రోజు నీళ్లు తాగమని నువ్వు ముందే చెప్పకు. ఒకసారి నీ ఒట్టు నమ్మింది, చాలు. నా సంచీలో దాని సీసా వేరే ఉంటుంది. ముందు తలుపు తెరుచుకోవాలి. నేల తుడవాలి. నేను లోపలికి వెళ్లి నా కాళ్లతో నేను బయటికి రావాలి. అప్పుడు దాని చేతికి ఇస్తాను.

రాఘవమ్మ